ఎనిమిది పాయింట్ల ప్రాణం, ఇరవయ్యో లెవెల్ ప్రాణం: డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో లెవెల్ ఏం కాపాడుతుంది, ఏం కాపాడదు?

క్లుప్తంగా: ఆటగాళ్లు పాచికలు వేస్తూ ఒక్కో కల్పిత పాత్రను నడిపే ఈ ఆటలో, అనుభవంతో ఎక్కే మెట్టు అయిన లెవెల్‌తో పాటు హిట్ పాయింట్లు, అంటే దెబ్బలకు ఖర్చయ్యే ప్రాణం లెక్క, పెరుగుతాయి. అందుకే కత్తిదెబ్బకు, బాణానికి, ఎత్తు నుంచి పడటానికి పాత్ర రానురానూ రాటుదేలుతుంది. మనసు మీద, శరీర లక్షణాల మీద నేరుగా పడే దాడులను మాత్రం ఆ పాయింట్లు ఆపలేవు. 2000 తర్వాతి నియమాల్లో కొన్నిచోట్ల లెవెల్ పెరిగేకొద్దీ రక్షణ ఇంకా పలచబడుతుంది. ఇక హిట్ పాయింట్లు 0కి పడిపోయిన క్షణంలో లెవెల్‌కు దాదాపు విలువే ఉండదు.

2014 నియమాల్లోంచి రెండు లెక్కలు పక్కపక్కన పెడితే చిక్కేమిటో తెలుస్తుంది. మొదటి లెవెల్ విజార్డ్ (మాంత్రికుడు) ఒకడు 30 అడుగుల గోడ మీద నుంచి జారిపడ్డాడు. ప్రతి 10 అడుగులకు ఒక ఆరు ముఖాల పాచిక చొప్పున మూడు పాచికలు వేయాలి. వాటి సగటు 10.5. అతని దగ్గర ఉన్నవి 8 హిట్ పాయింట్లు. వెంటనే లేచే అవకాశం తక్కువే. అదే ఆటలో ఇరవయ్యో లెవెల్ ఫైటర్ (యోధుడు) మేఘాల్లోంచి పడినా సరే, నియమం ప్రకారం పాచికలు 20కి మించవు. అన్నిటి మీదా ఆరే పడినా నష్టం 120. కాన్‌స్టిట్యూషన్ (దేహదార్ఢ్యం) 14 ఉన్న ఆ ఫైటర్ హిట్ పాయింట్లు 164. అంటే నేలకు తగిలి, దుమ్ము దులుపుకుని నడిచిపోతాడు. చావడం కుదరదు.

ఆ ఫైటరే పక్క గదిలోకి వెళ్లాడనుకుందాం. అక్కడ ఇంటెలెక్ట్ డివవరర్ అనే జీవి ఉంది. చూడ్డానికి కాళ్లొచ్చిన మెదడులా ఉంటుంది. దాని ఛాలెంజ్ రేటింగ్ 2. నలుగురు రెండో లెవెల్ పాత్రలకు సరిపోయే శత్రువని అర్థం. ఫైటర్ ఇంటెలిజెన్స్ 8 అయితే, ఇతర సాయమేదీ లేకుండా, ఆ చిన్న జీవి ఒక్క ప్రయత్నంలో అతన్ని కదలకుండా పడేసే అవకాశం దాదాపు 50 శాతం. ఆ తర్వాత అది అతని మెదడు తిని, పుర్రెలోనే కాపురం పెట్టగలదు. మేఘాల్లోంచి పడి బతికినవాడు పిల్లి పరిమాణంలో ఉన్న జీవి చేతిలో పోవడం ఎలా సాధ్యం?

నియమాల్లో ఎక్కడో తప్పు దొర్లడం వల్ల ఇలా జరగడం లేదు. ఈ ఆటలో లెవెల్ అనేది పాత్ర చుట్టూ సమానంగా మందమయ్యే గోడ కాదు. ఒకవైపే ఎత్తు పెరిగే గోడ. మిగతా వైపులు ఏ కాలంలో, ఎవరి చేతిలో, ఎందుకు అలా తయారయ్యాయో చూస్తే తప్ప ఈ తేడా అర్థం కాదు.

## లెవెల్ అంటే మొదట్లో మనుషుల లెక్క

డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా ఊళ్లోని టీఎస్ఆర్ సంస్థ దాన్ని ప్రచురించింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపకర్తలు. అంతకు ముందు 1971లో గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి చెయిన్‌మెయిల్ అనే యుద్ధక్రీడ నియమాలు తెచ్చారు. బల్ల మీద సీసపు సైనికుల బొమ్మలు పెట్టి ఆడే ఆట అది. అందులో మామూలు సైనికుడు ఒక్క దెబ్బకు పోతాడు. 'హీరో' నలుగురు సైనికులతో సమానం, 'సూపర్ హీరో' ఎనిమిది మందితో సమానం. 1974 నియమాల్లో నాలుగో లెవెల్ యోధుడి బిరుదు హీరో, ఎనిమిదో లెవెల్ బిరుదు సూపర్ హీరో కావడం కాకతాళీయం కాదు. నాలుగో లెవెల్ అంటే నలుగురి ప్రాణం ఒకడిలో కూరినట్టు.

హిట్ పాయింట్ల ఆలోచన మరోవైపు నుంచి వచ్చింది. ఒక్క దెబ్బకు తమ పాత్ర పోవడం ఆటగాళ్లకు నచ్చలేదని, అందుకే అమెరికా అంతర్యుద్ధ కాలపు ఇనుప ఓడల మీద తాను రాసుకున్న ఆట నియమాల నుంచి ఈ పద్ధతి తెచ్చుకున్నానని ఆర్నెసన్ తర్వాతి కాలంలో చెప్పారు. ఓడ ఒక్క గుండుకే మునగదు, కొన్ని తగిలాక మునుగుతుంది. మునిగేదాకా దాని ఫిరంగులు పేలుతూనే ఉంటాయి. ఈ రోజుకీ ఈ ఆటలో ఒకే ఒక్క హిట్ పాయింట్ మిగిలినవాడు 164 ఉన్నవాడంత జోరుగానే కత్తి తిప్పుతాడు. మనిషికి ఓడ లెక్క వేసిన ఫలితం అది.

1974లో అందరికీ పాచిక ఒకటే, ఆరు ముఖాలది. ఆయుధం ఏదైనా దెబ్బకూ అదే పాచిక. అంటే మొదటి లెవెల్ విజార్డ్ ప్రాణం, అతని మీద పడే కత్తిదెబ్బ ఒకే తూకం. 1975లో వచ్చిన అనుబంధ గ్రంథం వర్గాన్ని బట్టి పాచిక మార్చింది. యోధులకు ఎనిమిది ముఖాలది, విజార్డ్‌లకు నాలుగు ముఖాలది వచ్చాయి. 1978లో యోధుడిది పది ముఖాలకు ఎగబాకింది. 2014 నాటికి విజార్డ్ మళ్లీ ఆరు ముఖాల పాచిక దగ్గరికే చేరాడు.

ఇంతకీ ఒక మనిషికి వంద హిట్ పాయింట్లేమిటన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. 1979లో, ఆట నడిపించే డంజన్ మాస్టర్ల కోసం రాసిన గ్రంథంలో గైగాక్స్ దానికి జవాబిచ్చారు. ఈ పాయింట్లన్నీ ఒంటి కండ కాదు, వాటిలో ఎక్కువ భాగం నేర్పు, అదృష్టం, దైవబలం అన్నారు. వాదన బాగానే ఉంది. నేర్పుకు కొండ మీద నుంచి పడటంతో సంబంధమేమిటని మాత్రం ఆటగాళ్లు నలభై ఏళ్లకు పైగా అడుగుతూనే ఉన్నారు.

## మొదటి లెవెల్: ఒక్క పాచిక తీర్పు

కొత్తగా ఆడేవాళ్లు ఎక్కువగా పాత్రలు పోగొట్టుకునేది ఇక్కడే. 2014 నాటి అయిదో ఎడిషన్ నియమాల్లో గోబ్లిన్ అనే మరుగుజ్జు రాక్షసిని తీసుకుంటే చాలు. ఇరవై ముఖాల పాచికకు 4 కలిపి దాడి చేస్తుంది. తగిలితే ఆరు ముఖాల పాచికకు 2 కలిపినంత నష్టం. ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే దాడికి రావాల్సిన అంకె) 12 ఉన్న విజార్డ్‌కు అది తగిలే అవకాశం 65 శాతం. మామూలుగా తగిలిన దెబ్బల్లో ఆరింట ఒకటి 8 నష్టం చేస్తుంది. విజార్డ్ దగ్గరున్నవీ ఎనిమిదే. అంటే చేతబడులు నేర్చుకుని, గురువుకు దండం పెట్టి బయల్దేరినవాడు మొదటి పొదలోని మొదటి గోబ్లిన్ మొదటి దెబ్బకే కూలిపోవచ్చు.

కూలడం వేరు, అక్కడికక్కడే చావడం వేరు. 0కి చేరాక మిగిలిన నష్టం పాత్ర పూర్తి హిట్ పాయింట్లకు సమానమైనా, మించినా తక్షణ మరణం. 8 పాయింట్లున్న విజార్డ్‌కు అది ఒకే దెబ్బలో 16 నష్టం. గోబ్లిన్ క్రిటికల్ (దాడి పాచిక మీద 20 పడితే నష్టం పాచికలు రెట్టింపయ్యే దెబ్బ) కొట్టినా గరిష్ఠం 14, కాబట్టి పూర్తి ఆరోగ్యంతో ఉన్నవాణ్ని అది ఒక్క దెబ్బకు చంపలేదు. గోబ్లిన్‌ల వెనక తరచూ నాయకుడిగా కనిపించే బగ్‌బేర్ చంపగలదు. దాని గద దెబ్బ రెండు ఎనిమిది ముఖాల పాచికలకు 2 కలిపినంత. మామూలుగా తగిలిన దెబ్బల్లోనే 9 శాతానికి పైగా 16కో, ఆపైకో చేరతాయి. క్రిటికల్ పడితే సగటే 20.

అయిదో లెవెల్‌కు వచ్చేసరికి ఆ విజార్డ్‌కు 32 పాయింట్లుంటాయి. అదే గోబ్లిన్ క్రిటికల్ లేకుండా అతన్ని పడగొట్టాలంటే కనీసం నాలుగు దెబ్బలు కావాలి. పాయింట్లు నాలుగు రెట్లయ్యాయి. అంతకంటే ముఖ్యమైన మార్పు ఇంకొకటి ఉంది. ఒక్క పాచిక మీద ప్రాణం ఆధారపడినప్పుడు జరిగేది లాటరీ. పది పాచికల మీద ఆధారపడితే అంతా సగటు వైపు సర్దుకుంటుంది. మధ్యలో ఆటగాడికి చూసుకునే వ్యవధి దొరుకుతుంది. వెనక్కి తగ్గొచ్చు, మందు తాగొచ్చు, గాయాలు మాన్పే క్లెరిక్‌ను పిలవొచ్చు. లెవెల్ ఇచ్చే అసలు కానుక ఆ వ్యవధే. మొదటి లెవెల్‌లో తప్పు చేశామని తెలిసే లోపే పాత్ర పోయి ఉంటుంది.

ఆట రూపకర్తలకూ ఇది తెలుసు. అందుకే ఈ దశను తొందరగా దాటించేస్తారు. 300 అనుభవ పాయింట్లకు రెండో లెవెల్, 900కు మూడోది వచ్చేస్తాయి. తర్వాత నాలుగోదానికి 2,700, అయిదోదానికి 6,500 కావాలి. చాలా బల్లల దగ్గర నేరుగా మూడో లెవెల్ నుంచే మొదలుపెట్టడానికి కారణం కూడా ఇదే.

## గోబ్లిన్ బాణం ఇరవయ్యో లెవెల్‌నూ వదలదు

హిట్ పాయింట్లు ఎంతగా పెరుగుతాయో, దెబ్బ తగలకుండా కాచే ఆర్మర్ క్లాస్ అంతగా పెరగదు. అయిదో ఎడిషన్ రూపకర్తలు కావాలనే ఇలా చేశారు. దీన్ని బౌండెడ్ అక్యురసీ అంటారు. మొదటి లెవెల్ ఫైటర్ గొలుసు కవచం, డాలుతో ఆర్మర్ క్లాస్ 18 తెచ్చుకుంటాడు. ఇరవయ్యో లెవెల్‌లో మాయా వస్తువులేవీ లేకుంటే పూర్తి ఇనుప కవచం, డాలు కలిపి 20. గోబ్లిన్ బాణం తగిలే అవకాశం 35 శాతం నుంచి 25కి తగ్గింది, అంతే.

దీని ప్రభావం గుంపులో కనిపిస్తుంది. నలభై గోబ్లిన్‌లు ఒకేసారి బాణాలు వేస్తే, క్రిటికల్స్ కలుపుకుని, రౌండుకు సగటున 62 నష్టం. అంటే మేఘాల్లోంచి పడి బతికిన ఫైటర్ మైదానంలో నిలబడితే మూడో రౌండు పూర్తయ్యేలోపు నేలకొరుగుతాడు. ఆటలో ఆ మూడు రౌండ్లు 18 సెకన్లు. ఎంత మొనగాడైనా ఊరంతా ఏకమైతే భయపడాల్సిందే అన్న లెక్కను ఈ ఎడిషన్ బతికించింది.

2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో అలా ఉండేది కాదు. అక్కడ పెద్ద లెవెల్ పాత్ర ఆర్మర్ క్లాస్ 30 దాటడం మామూలే. గోబ్లిన్‌కు ఇరవై పడితేనే దెబ్బ తగిలేది. నలభై బాణాల్లో సగటున రెండే తగిలేవి. పైజో సంస్థ 2019లో తెచ్చిన, ఇదే కోవకు చెందిన పాత్‌ఫైండర్ అనే ఆట రెండో ఎడిషన్ ఇంకో అడుగు ముందుకేసింది. అందులో లెవెల్ అంకెనే ఆర్మర్ క్లాస్‌కు, సేవింగ్ త్రోలకు (మంత్రం, విషం లాంటివాటిని తట్టుకోవడానికి వేసే పాచికలకు) కలిపేస్తారు. ఇరవయ్యో లెవెల్ ఫైటర్ ఆర్మర్ క్లాస్ 40 దాటుతుంది. కింది మెట్టు గోబ్లిన్‌కు పాచిక మీద 20 పడినా దెబ్బ తగలదు. నలభై కాదు, నాలుగు వందల గోబ్లిన్‌లొచ్చినా ఫలితం ఒకటే.

ఈ రెండు పద్ధతుల్లో ఒకటి ఒప్పు, ఇంకొకటి తప్పు అని తేల్చే పనిలేదు. రెండూ రెండు రకాల కథలను పుట్టిస్తాయి. మొదటిదాంట్లో రాజుగారి వంద మంది సైనికులు ఎప్పటికీ లెక్కలో ఉంటారు. రెండోదాంట్లో హీరో ఒక మెట్టు దాటాక వాళ్లు చెట్టూచేమల్లా నేపథ్యంలో కలిసిపోతారు.

## మందమవని గోడలు

ఇంటెలెక్ట్ డివవరర్ దగ్గర ఫైటర్ ఎందుకు కూలిపోయాడో ఇప్పుడు చూడొచ్చు. అది హిట్ పాయింట్ల జోలికి పెద్దగా పోదు. ముందు ఇంటెలిజెన్స్ సేవింగ్ త్రో అడుగుతుంది, కావాల్సింది 12. ఇంటెలిజెన్స్ 8 అంటే పాచిక నుంచి 1 తీసేయాలి, కాబట్టి విఫలమయ్యే అవకాశం 60 శాతం. విఫలమైతే మూడు ఆరు ముఖాల పాచికలు వేస్తారు. మొత్తం అతని ఇంటెలిజెన్స్‌కు సమానమైనా, మించినా ఆ గుణం 0కి పడిపోతుంది. 8 లేదా అంతకు మించి పడే అవకాశం దాదాపు 84 శాతం. రెండూ గుణిస్తే సగం. ఈ లెక్కలో లెవెల్ అన్న అంకె ఎక్కడా రాలేదు. మొదటి లెవెల్ ఫైటర్‌కైనా, ఇరవయ్యో లెవెల్ ఫైటర్‌కైనా అదే సగం.

షాడో అనే నీడ భూతం సంగతీ అంతే. దాని రేటింగ్ అర. తగిలిన ప్రతిసారీ బలాన్ని నాలుగు ముఖాల పాచిక పడినంత తగ్గిస్తుంది. బలం 0 అయితే మరణం. విజార్డ్‌ల బలం సాధారణంగా 8. మొదటి లెవెల్‌లో వాళ్లు మామూలు నష్టానికే ముందు పోతారు కాబట్టి ఈ గుణం కనబడదు. వంద పాయింట్లు దాటిన విజార్డ్ మాత్రం 'ఇంకా డెబ్భై ఉన్నాయిలే' అనుకుంటుండగానే మూడు నాలుగు తాకిళ్లకు పోవచ్చు.

ఇవన్నీ లెవెల్‌తో మారని బలహీనతలు. లెవెల్‌తో పెరిగే బలహీనతలు మరో రకం. అయిదో ఎడిషన్‌లో ప్రతి వర్గానికీ ఆరు సేవింగ్ త్రోలలో రెండిట్లోనే శిక్షణ ఉంటుంది. ఫైటర్‌కు అవి స్ట్రెంత్, కాన్‌స్టిట్యూషన్. మిగతా నాలుగూ లెవెల్‌తో పెరగవు. ఎదుటి మాంత్రికుడి స్పెల్ బలం మాత్రం పెరుగుతుంది. మొదటి లెవెల్ మాంత్రికుడి స్పెల్‌ను ఎదుర్కోవడానికి సాధారణంగా 13 కావాలి. విజ్డమ్ 8 ఉన్న ఫైటర్‌కు 35 శాతం అవకాశం. ఇరవయ్యో లెవెల్ మాంత్రికుడిది 19. మన ఫైటర్ పాచిక మీద అచ్చంగా 20 పడాలి. అవకాశం 5 శాతం. పందొమ్మిది లెవెళ్లు ఎక్కి, తన స్థాయి శత్రువు ముందు నిలబడేసరికి అతని మనసు తట్టుకునే అవకాశం మునుపటిదాంట్లో ఏడో వంతుకు పడిపోయింది.

పాత ఆటలో ఇది తలకిందులుగా ఉండేది. 1981 నాటి బేసిక్, ఎక్స్‌పర్ట్ పెట్టెల నియమాల్లో సేవింగ్ త్రో ఎదుటివాడి బలాన్ని పట్టించుకోదు. పాత్ర లెవెల్ ఒక్కటే చూస్తుంది. మొదటి లెవెల్ యోధుడు స్పెల్‌ను ఎదుర్కోవాలంటే 16 పడాలి, అవకాశం 25 శాతం. పదమూడో లెవెల్‌లో 8 చాలు, అవకాశం 65 శాతం. విషానికి మొదట 45 శాతం, చివర్లో 85 శాతం. హిట్ పాయింట్లు తక్కువగా ఉన్న కాలంలో గోడ నలువైపులా లేచేది. మూడో ఎడిషన్ స్పెల్ బలాన్ని వేసేవాడి సామర్థ్యంతో ముడిపెట్టాక ఆ సమతూకం పోయింది.

అదే కోవలో పవర్ వర్డ్ కిల్ అనే తొమ్మిదో స్థాయి స్పెల్ ఒకటుంది. 2014 నియమాల్లో దానికి సేవింగ్ త్రో లేదు. ఎదురుగా ఉన్నవాడికి 100 లేదా అంతకంటే తక్కువ హిట్ పాయింట్లుంటే ఆ మాట వినగానే చస్తాడు. కాన్‌స్టిట్యూషన్ 14 ఉన్న విజార్డ్‌కు పదహారో లెవెల్‌లో 98, పదిహేడో లెవెల్‌లో 104. ఫైటర్‌కు పన్నెండో లెవెల్‌లో సరిగ్గా 100. మామూలు పోరాటంలో పెద్దగా తేడా తెలియని ఒక్క లెవెల్ ఇక్కడ చావుకూ బతుకుకూ మధ్య గీత. అది కూడా అప్పటిదాకా ఒక్క దెబ్బా తినకుండా ఉంటేనే. వైకుంఠపాళిలో పై వరుస దాకా వచ్చినవాడి కోసమే పెద్దపాము కాచుకుని ఉన్నట్టు, ఈ స్పెల్ కింది లెవెళ్ల జోలికి రాదు. దాన్ని వేయగలిగేవాళ్లు పదిహేడో లెవెల్‌కు చేరాకే కనబడతారు.

## లెవెల్‌నే తినే శత్రువులు

పాత ఎడిషన్‌లలో ఆటగాళ్లకు డ్రాగన్ కంటే టెన్షన్ పెట్టినవి వైట్, వాంపైర్ లాంటి పిశాచాలు. వైట్ తగిలితే ఒక లెవెల్, వాంపైర్ తగిలితే రెండు లెవెళ్లు మాయం. సేవింగ్ త్రో కూడా ఉండదు. నెలల తరబడి ఆడి సంపాదించిందంతా ఒక్క పూట దెబ్బతో కరిగిపోతుంది. లెవెల్ ఎంత ఎక్కువైతే తిరిగి సంపాదించడానికి అంత కాలం పడుతుంది కాబట్టి ఈ ఒక్క విషయంలో పెద్దవాడే ఎక్కువ నష్టపోయేవాడు. ఆటగాళ్లకు ఇది ఎంత కడుపుమంట తెప్పించిందంటే మూడో ఎడిషన్ దాన్ని మెత్తబరిచింది. అయిదో ఎడిషన్ పూర్తిగా తీసేసి, గరిష్ఠ హిట్ పాయింట్లు తాత్కాలికంగా తగ్గడంతో సరిపెట్టింది.

## సున్నా దగ్గర అందరూ ఒకటే

1981 బేసిక్ నియమాల్లో 0 అంటే మరణం, అంతే. అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ గ్రంథాలు 0 నుంచి మైనస్ 10 దాకా కొన ఊపిరి ఇచ్చాయి. అయిదో ఎడిషన్‌లో డెత్ సేవింగ్ త్రో ఉంది. స్పృహ లేకుండా పడినవాడు ప్రతి రౌండులో ఇరవై ముఖాల పాచిక వేస్తాడు. 10 లేదా ఆపైన పడితే ఒక గెలుపు, తక్కువైతే ఒక ఓటమి. ముందు మూడు గెలుపులొస్తే ప్రాణం నిలకడ, మూడు ఓటములొస్తే మరణం. 1 పడితే రెండు ఓటములు, 20 పడితే ఒక పాయింట్‌తో లేచి కూర్చుంటాడు. ఎవరూ సాయం రాకపోయినా, ఎవరూ మళ్లీ కొట్టకపోయినా బతికే అవకాశం దాదాపు 60 శాతం.

ఈ పాచికకు మామూలుగా ఏదీ కలపరు. లెవెల్ గానీ కాన్‌స్టిట్యూషన్ గానీ లెక్కలోకి రావు. పడినవాణ్ని పక్కన నిలబడి కొట్టే దెబ్బ తగిలితే అది దానంతటదే క్రిటికల్, అంటే రెండు ఓటములు. మేఘాల్లోంచి పడ్డ ఫైటర్ 164 పాయింట్లూ అయిపోయి నేల మీద ఉంటే, చిన్న గోబ్లిన్ పక్కకొచ్చి రెండుసార్లు తగిలేలా పొడిస్తే చాలు. మొదటి లెవెల్ విజార్డ్‌కూ అంతే. పై లెవెల్‌వాడికి తేడా ఎక్కడంటే, కొండంత నష్టం ఒకే దెబ్బలో పడితే వచ్చే తక్షణ మరణం అతని దరిదాపుల్లోకి రాదు.

ఆ లోటును పూడ్చేది సొంత లెవెల్ కంటే పక్కనున్న క్లెరిక్ లెవెల్. అయిదో లెవెల్ క్లెరిక్‌కు రివివిఫై వస్తుంది. చనిపోయిన నిమిషంలోపు 300 బంగారు నాణేల విలువైన వజ్రం ఖర్చుపెట్టి లేపొచ్చు. తొమ్మిదో లెవెల్‌లో రెయిజ్ డెడ్: గడువు పది రోజులు, వజ్రం 500 నాణేలది. పదమూడో లెవెల్‌లో రెసరెక్షన్‌కు వందేళ్ల గడువు, వెయ్యి నాణేలు. పదిహేడో లెవెల్‌లో ట్రూ రెసరెక్షన్‌కు రెండు వందల ఏళ్లు, 25,000 నాణేలు. కింది లెవెల్‌లో చావు అంటే కొత్త పాత్ర కాగితం రాసుకోవడం. పై లెవెల్‌లో చావు ఒక ఖర్చుపద్దు.

అలా చావు వ్యక్తి నుంచి జట్టు మీదికి మారుతుంది. క్లెరిక్ ముందు పోతే, వజ్రం ఉన్న సంచీ పోతే, శవం దొరక్కపోతే మొత్తం ఏర్పాటే కూలిపోతుంది. డిసింటిగ్రేట్ స్పెల్ తగిలి 0కి చేరినవాడు బూడిదవుతాడు, ట్రూ రెసరెక్షన్ లేదా విష్ స్పెల్ తప్ప ఇంకేదీ వాణ్ని లేపలేదు. తెలివైన డంజన్ మాస్టర్లు పెద్ద లెవెల్ ఆటలో ఒక్కో పాత్రను కాకుండా ఈ గొలుసును కొట్టేది అందుకే.

## లెవెల్ లేని ఆటలు, లెవెల్ ముందే మొదలయ్యే ఆటలు

1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్ అసలు లెవెల్‌నే వద్దనుకుంది. అక్కడ హిట్ పాయింట్లు ముఖ్యంగా దేహదార్ఢ్యం, శరీర పరిమాణం మీద ఆధారపడతాయి. అనుభవంతో పెరిగేది నైపుణ్యమే. పైగా దెబ్బ ఏ అవయవానికి తగిలిందో లెక్క ఉంటుంది. ఇరవై యుద్ధాలు చేసినవాడు కత్తికి అడ్డం పెట్టడంలో ఆరితేరతాడు గానీ, అడ్డం తప్పిన రోజు అతని చెయ్యీ కుర్రాడి చెయ్యిలాగే తెగుతుంది.

2012 నాటి డంజన్ క్రాల్ క్లాసిక్స్ మరో దారి పట్టింది. మొదటి లెవెల్ బలహీనతను దాచకుండా దాన్నే ఆటగా మలిచింది. ఒక్కో ఆటగాడు సున్నా లెవెల్ రైతులనో, కమ్మరులనో ముగ్గురు నలుగురిని పట్టుకుని గుహలోకి దిగుతాడు. ఒక్కొక్కరి ప్రాణం ఒక నాలుగు ముఖాల పాచిక. బయటికి వచ్చినవాడే మొదటి లెవెల్ హీరో. దీన్ని ఫనెల్ అంటారు, అంటే గరాటు.

మనసు మీది దాడుల సమస్యకు పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ దగ్గర సూటి మందు ఉంది. ఒక్క దెబ్బతో ఆట ముగించే స్పెల్‌లకు ఇన్‌కపాసిటేషన్ అనే ముద్ర వేసింది. గురి అయినవాడి లెవెల్ ఆ స్పెల్ స్థాయికి రెట్టింపు దాటితే, అతని సేవింగ్ త్రో ఫలితం ఒక మెట్టు మెరుగుపడుతుంది. చిన్న జీవి పెద్ద హీరోను ఒక్క పాచికతో పడేయడం అక్కడ చాలా కష్టం.

## 2024 నియమాల్లో ఏం మారింది

ఆట యాభయ్యో ఏట వచ్చిన సవరణ ఈ లోపాల్లో కొన్నిటిని గుర్తించింది. ఫైటర్‌కు తొమ్మిదో లెవెల్‌లో వచ్చే ఇండామిటబుల్ విఫలమైన సేవింగ్ త్రోను మళ్లీ వేయనిస్తుంది. 2014లో అది అదే బలహీనమైన పాచికకు రెండో అవకాశం మాత్రమే. 2024లో ఆ రెండో పాచికకు ఫైటర్ లెవెల్‌ను కలుపుతారు. ఇరవయ్యో లెవెల్ ఫైటర్‌కు 20 కలిస్తే, 19 అడిగిన స్పెల్ కూడా ఏమీ చేయలేదు. ఆ అవకాశాలు వాడుకున్నంత వరకే అనుకోండి. పవర్ వర్డ్ కిల్ మాత్రం ఇంకా పదునెక్కింది. 100 పాయింట్లు దాటినవాడు చావకపోయినా పన్నెండు ముఖాల పాచికలు 12 వేసి, వచ్చినంత నష్టం భరించాలి. కింది లెవెళ్లకు క్యూర్ వూండ్స్ చికిత్స ఒక పాచిక నుంచి రెండు పాచికలకు పెరిగింది.

గోబ్లిన్ హిట్ పాయింట్లు 7 నుంచి 10కి పెరిగాయి. దానికి అనుకూల పరిస్థితి దొరికితే దెబ్బకు ఇంకో నాలుగు ముఖాల పాచిక కలుస్తుంది. నలుగురు మొదటి లెవెల్ పాత్రల మీదికి నాలుగు గోబ్లిన్‌లు వస్తే, 2014 పట్టికలో లెక్క సరిగ్గా 'ప్రాణాంతకం' గీత మీద పడేది. 2024లో శత్రువుల సంఖ్యను బట్టి లెక్కను గుణించే పద్ధతి తీసేశారు. అదే పోరాటం కొత్త పట్టికలో 'తక్కువ కష్టం' వరుసలోకి వచ్చి చేరింది. కాన్‌స్టిట్యూషన్ 14 ఉన్న మొదటి లెవెల్ విజార్డ్ హిట్ పాయింట్లు మాత్రం ఇప్పటికీ 8.